కమాండ్ అండ్ కాంకర్: చావని కేన్, కల్పభేదాలు, అభిమానుల సిద్ధాంతాలు

కమాండ్ అండ్ కాంకర్ 1995లో మొదలైన కంప్యూటర్ యుద్ధవ్యూహ క్రీడల శ్రేణి. అమెరికాలోని లాస్ వేగస్‌లో బ్రెట్ స్పెర్రీ, లూయిస్ క్యాజిల్ 1985లో స్థాపించిన వెస్ట్‌వుడ్ స్టూడియోస్ దీనికి పుట్టిల్లు. ఆకాశం నుంచి ఊడిపడిన ఒక వింత ఖనిజం, దానికోసం భూగోళమంతా కొట్టుకునే రెండు సైన్యాలు, ఎన్నిసార్లు చంపినా తిరిగొచ్చే ఒక నాయకుడు. స్థూలంగా కథ ఇంతే. ఇందులో తయారీదారులు చెప్పింది కొంచెం, చెప్పకుండా వదిలేసింది చాలా. వదిలేసిన ఆ జాగాలో మూడు దశాబ్దాలుగా అభిమానులు అల్లుతూ వస్తున్న వివరణలే ఈ వ్యాసానికి విషయం. వాటిని వాళ్లు ఫ్యాన్ థియరీలు అంటారు. తెలుగులో అభిమాన సిద్ధాంతాలు అనుకోవచ్చు గానీ, వాటిలో కొన్నింటికి భాష్యం అనే మాటే బాగా నప్పుతుంది.

శ్రేణిలో మూడు శాఖలున్నాయి. టైబీరియం కథలు మొదటిది. 1996లో మొదలైన రెడ్ అలర్ట్ కథలు రెండోది. 2003లో వచ్చిన జనరల్స్ మూడోది; దానికి మిగతా రెండింటితో కథాసంబంధం లేదు కనుక సిద్ధాంతాల గొడవా లేదు. అసలు తగవంతా మొదటి రెండు శాఖలూ ఒకే చెట్టువా కావా అన్నదగ్గరే.

రెండు సీడీలు, రెండు చరిత్రలు

ఇన్ని సిద్ధాంతాలు ఎందుకు పుట్టాయో తెలియాలంటే ఆట ఎలా కథ చెప్పిందో ముందు చూడాలి. వెస్ట్‌వుడ్ 1992లో తెచ్చిన డ్యూన్ 2 ఈ తరహా ఆటలకు అచ్చు పోసింది. స్థావరం కట్టుకోవడం, హార్వెస్టర్ బండ్లను పంపి నేలమీది సంపదను కోయించుకురావడం, ఆ డబ్బుతో సైన్యాన్ని తయారుచేసి ఎదుటివాడి స్థావరం మీదికి తోలడం. డ్యూన్‌లోని మసాలా దినుసు స్థానంలో టైబీరియం అనే పచ్చటి స్ఫటికాన్ని పెట్టి, ఎడారి గ్రహాన్ని వదిలి మన భూమ్మీదికి వస్తే అది కమాండ్ అండ్ కాంకర్.

మొదటి ఆట రెండు సీడీల్లో వచ్చింది. ఒకటి ఐక్యరాజ్యసమితి అండ ఉన్న గ్లోబల్ డిఫెన్స్ ఇనిషియేటివ్‌ది, క్లుప్తంగా జీడీఐది. రెండోది బ్రదర్‌హుడ్ ఆఫ్ నాడ్ అనే రహస్య సమాజానిది. ఆటగాడు ఏ సీడీ పెడితే ఆ పక్షాన పోరాడతాడు, ఆ పక్షమే గెలుస్తుంది. జీడీఐ సీడీలో బోస్నియాలోని సరయేవోలో నాడ్ దేవాలయం మీద అయాన్ కానన్ అనే అంతరిక్ష ఆయుధం పిడుగులా పడుతుంది, కేన్ ఆ వెలుగులో కలిసిపోతాడు. నాడ్ సీడీలో అదే ఆయుధాన్ని కేన్ మనుషులు దారి మళ్లిస్తారు. వైట్‌హౌస్, ఈఫిల్ టవర్, బ్రిటిష్ పార్లమెంటు, బ్రాండెన్‌బర్గ్ ద్వారం, ఈ నాలుగింటిలో దేన్ని కూల్చాలో ఆటగాడే ఎంచుకుంటాడు. రెండూ ఒకేసారి నిజం కాలేవు. 1999లో వచ్చిన టైబీరియన్ సన్ జీడీఐ ముగింపునే పట్టుకుని ముందుకు పోయింది. అంటే రెండో సీడీ మొత్తం జరగని చరిత్రగా మిగిలిపోయింది.

పోరాటాల మధ్య కథ నడిపించేవి నిజమైన నటులతో తీసిన చిన్న వీడియోలు. జో క్యూకన్ అనే రంగస్థల కళాకారుడు వాటికి దర్శకుడు, కేన్ పాత్రధారి కూడా అతనే. టైబీరియన్ సన్ నాటికి జేమ్స్ ఎర్ల్ జోన్స్, మైకేల్ బీన్ లాంటి హాలీవుడ్ ముఖాలూ వచ్చి చేరాయి. ఈ వీడియోలు రెండు మూడు నిమిషాలకు మించవు. ఒక వార్తా ప్రసారం, ఒక సేనాధిపతి ఆజ్ఞ, నడుమ తెగిపోయిన ఒక సంభాషణ. పైగా సీడీలో చోటు మిగలడానికి వీడియోలన్నీ పీకేసిన దొంగ కాపీలు ఆ రోజుల్లో చాలా తిరిగేవి. అలాంటి కాపీ దొరికినవాడికి యుద్ధం తెలుసు, ఎందుకు చేస్తున్నాడో తెలియదు. కథను ముక్కలుగా అందుకున్నవాళ్లు మిగతాది ఊహించుకోవడంలో వింతేముంది?

కేన్ ఎవరు?

అన్ని సిద్ధాంతాలకూ నడిబొడ్డు ఈ ప్రశ్నే. 1995 ఆటలో కేన్ నున్నటి గుండుతో, కుదురైన గడ్డంతో, మృదువుగా మాట్లాడే మతగురువులా కనిపిస్తాడు. సరయేవోలో పోయాడనుకున్నవాడు, 2030 నాటి కథ చెప్పే టైబీరియన్ సన్‌లో ముఖం సగం లోహపు తొడుగుతో కప్పుకుని తిరిగొస్తాడు. అక్కడ కైరోలో మెక్‌నీల్ అనే జీడీఐ సేనాని అతన్ని పొడిచి చంపుతాడు. 2000లో వచ్చిన అనుబంధం ఫైర్‌స్టార్మ్ చివర్లో ఒక గాజుతొట్టిలో అతని దేహం కనిపిస్తుంది. 2007లో వచ్చిన మూడో ఆట టైబీరియం వార్స్ 2047లో జరుగుతుంది. అందులో కేన్ ముఖం మీద మచ్చ కూడా లేదు. యాభై ఏళ్లు గడిచినా ముసలితనం రాలేదు.

ఈ చిక్కుకు అభిమానులు చూపిన తొలి సమాధానం బైబిలు. ఇంగ్లీషులో కేన్ పేరును కె అక్షరంతో రాశారు గానీ, పలికితే ఆదికాండములో తమ్ముణ్ని చంపిన అన్న పేరే. తెలుగు బైబిలు చదివినవాళ్లకు ఇది వెంటనే తట్టకపోవచ్చు, అక్కడ అతని పేరు కయీను. కానీ మిగతా పేర్లు పక్కపక్కన పెట్టి చూస్తే అనుమానం అక్కర్లేదు. కయీను దేశదిమ్మరిగా వెళ్లి ఏదెనుకు తూర్పున కాపురమున్నది నోదు దేశంలో. ఇంగ్లీషులో అదే నాడ్. మొదటి ఆటలో కేన్‌కు కుడిభుజంగా ఉండి, అతనికి చెప్పకుండా సొంత పెత్తనం మొదలుపెట్టి, అతని చేతిలోనే తుపాకీ గుండు తిన్నవాడి పేరు సెత్. ఆదాము మూడో కొడుకు షేతు పేరే అది. 2002లో వచ్చిన రెనిగేడ్ అనే తుపాకీ ఆటలో నాడ్ దేవాలయం కింద ఏబెల్ అని చెక్కిన ఒక సమాధి ఉంది. తెలుగులో హేబెలు, చనిపోయిన తమ్ముడు. ఆట ఆడుతూ పక్కకు తిరిగి చూసినవాడికి మాత్రమే కనిపించే ఈ సమాధి, కేన్ అంటే కయీనే అనే వర్గానికి శాసనాధారమైంది.

కయీనుకు వేసిన శాపం, ఎవరూ చంపకుండా పెట్టిన గుర్తు, ఈ రెండూ కలిస్తే మనకు అశ్వత్థామ గుర్తుకొస్తాడు. చావు రాకపోవడమే శిక్షగా తిరిగేవాడన్న ఊహ కేన్‌కు అతికినట్టు సరిపోతుంది. 2008 నాటి అనుబంధం కేన్స్ రాత్‌లో అతని సైబోర్గ్ సైన్యానికి మార్క్‌డ్ ఆఫ్ కేన్ అని పేరు పెట్టడంతో ఆ గుర్తు కూడా కథలోకి వచ్చేసింది.

రెండో వర్గం ఇంత దూరం వెళ్లదు. వాళ్ల దృష్టిలో కేన్ ఒక మనిషి కాదు, నకళ్ల వరుస. ఫైర్‌స్టార్మ్‌లోని గాజుతొట్టిని వాళ్లు సాక్ష్యంగా చూపిస్తారు. నాడ్ తయారుచేసిన క్యాబల్ అనే కృత్రిమ మేధ అతని దేహాన్ని కాపాడి, తన బుద్ధిని అందులో నింపిందనీ, ఆ తర్వాత మనం చూసే కేన్ నిజానికి క్యాబల్ అనీ ఇంకో పాయ. ఇది వినడానికి బాగుంటుంది గానీ నిలవదు. ఫైర్‌స్టార్మ్‌కు ముందే కేన్ ఒకసారి చచ్చి లేచాడు కదా! మూడో వర్గం ప్రకారం కేన్ అన్నది పీఠాధిపతుల బిరుదులాంటిది. ఒకరు పోతే ఇంకొకరు ఆ పేరు, ఆ గుండు, ఆ గడ్డం తెచ్చుకుంటారు. నటుడు ఒక్కడే కావడం ఈ వాదాన్ని మొదట్లోనే చంపేసింది. నిజానికి, జో క్యూకన్ ఆ పాత్రను పదిహేనేళ్లు వదలకుండా చేయకపోయి ఉంటే అమరత్వ వాదానికి ఇంత బలం వచ్చేదే కాదు. తయారీదారులు నటుణ్ని మార్చలేదు, అభిమానులు దానికి తత్వం కట్టారు.

నాలుగో వర్గం మాట: అతను ఈ లోకంవాడే కాదు. టైబీరియన్ సన్‌లో కూలిపోయిన గ్రహాంతర నౌక ఒకటి కేన్ చేతికి చిక్కి ఉంటుంది. టాసిటస్ అనే గ్రహాంతర జ్ఞానభాండాగారం కోసం అతను పడే ఆరాటం మామూలు సేనానికి ఉండేది కాదు. టైబీరియం వార్స్‌లో స్క్రిన్ అనే గ్రహాంతర జాతి దిగినప్పుడు, వాళ్ల వైపు కథలో కేన్ ముఖం వాళ్లకు కొత్తది కాదన్న సూచన వస్తుంది. 2010లో వచ్చిన నాలుగో ఆట టైబీరియన్ ట్విలైట్ ఈ వర్గానికే ఓటేసింది. అందులో కేన్ భూమిని తన చెరసాలగా చూస్తాడు, చివరికి స్క్రిన్ బురుజు ద్వారం గుండా అనుచరులతో వెళ్లిపోతాడు. అయినా బైబిలు వర్గం ఓటమి ఒప్పుకోలేదు. గ్రహాంతరవాసే యుగాల కిందట భూమ్మీద చిక్కుకుని, అతని కథే మనుషుల నోళ్లలో కయీను కథగా మారిందని రెంటినీ కలిపేసింది.

రెడ్ అలర్ట్ ముడి

1996 నాటి రెడ్ అలర్ట్ తొలి దృశ్యం ఇలా ఉంటుంది. 1946లో న్యూ మెక్సికోలో ఐన్‌స్టీన్ ఒక కాలయంత్రాన్ని నడిపి, 1924 డిసెంబరు 20న జర్మనీలోని లాండ్స్‌బర్గ్ జైలు దగ్గరికి చేరతాడు. హిట్లర్ నిజంగానే విడుదలైన రోజు అది. ఐన్‌స్టీన్ అతనితో కరచాలనం చేస్తాడు, హిట్లర్ చరిత్ర నుంచి మాయమైపోతాడు. నాజీలు లేని యూరప్ మీదికి స్టాలిన్ సైన్యం దండెత్తుతుంది.

ఇంతవరకు ఇది వేరే కథ. కానీ సోవియట్ పక్షాన ఆడినవాడికి స్టాలిన్ కొలువులో ఒక గుండు సలహాదారు కనిపిస్తాడు. కేనే. విజయం దక్కాక నాద్యా అనే గూఢచార అధికారిణి టీలో విషం పెట్టి స్టాలిన్‌ను చంపుతుంది, ఆమెను కేన్ కాల్చేస్తాడు, భవిష్యత్తు తనదేనని ఆటగాడికి చెబుతాడు. ఈ దృశ్యంవల్లే రెండు శాఖలూ ముడిపడ్డాయి. రెడ్ అలర్ట్‌ను వెస్ట్‌వుడ్ మొదటి ఆటకు పూర్వకథగానే తలపెట్టింది.

తిరకాసు ఏమిటంటే, కేన్ బాహాటంగా కనిపించేది సోవియట్ వైపు కథలో. జీడీఐ పుట్టాలంటే మాత్రం మిత్రరాజ్యాలు గెలవాలి. మిత్రరాజ్యాలు గెలిచిన తర్వాతే ఐక్యరాజ్యసమితి, దాని నీడన జీడీఐ వచ్చాయనీ, కేన్ ఏ పక్షం గెలిచినా తెరవెనుక ఉన్నాడనీ ఎక్కువమంది సర్దిచెప్పుకున్నారు. గట్టి అభ్యంతరం ఇంకోటుంది. 1950ల నాటికే మెరుపులు కురిపించే టెస్లా కాయిల్, ట్యాంకులను క్షణంలో ఖండాలు దాటించే క్రోనోస్ఫియర్ ఉన్న లోకంలో, 1995 వచ్చేసరికి మామూలు ట్యాంకులు, మెషీన్‌గన్లు ఎందుకు మిగిలాయి? యుద్ధం తర్వాత ఆ విద్యలన్నీ నిషేధించి దాచేశారన్నది ఒక జవాబు. తర్వాతి ఆట తీసేటప్పుడు బొమ్మలు గీసేవాళ్లకు కొత్త ఆయుధాలు కావాలనిపించింది, అంతే అన్నది రెండో జవాబు. రెండోదే నిజమై ఉండాలి. కానీ అభిమాన సిద్ధాంతాల ఆటలో అలాంటి జవాబు చెప్పడం తొండి.

2000లో రెడ్ అలర్ట్ 2 వచ్చి ముడిని ఇంకా బిగించింది. మిత్రరాజ్యాల గెలుపు తర్వాతి లోకమే ఇదీను. కానీ ఇందులో కేన్ లేడు, టైబీరియం ఊసు లేదు. మనసులను లొంగదీసే యూరీ, శిక్షణ పొందిన స్క్విడ్‌లు, గాలిలో తేలే కిరోవ్ నౌకలు ఉన్నాయి. మరుసటి ఏడు వచ్చిన యూరీస్ రివెంజ్‌లో ఆటగాడు కాలయంత్రమెక్కి పాత యుద్ధాన్ని మళ్లీ రాస్తాడు, దారితప్పి డైనోసార్ల కాలానికి కూడా వెళతాడు. అదే మిత్రరాజ్యాల గెలుపు నుంచి ఒక దారి 1995 నాటి టైబీరియానికి, మరో దారి యూరీ దగ్గరికి పోతే, ఏది అసలు దారి?

మన పురాణ వ్యాఖ్యాతలకు ఈ ఇబ్బంది పాతదే. ఒకే కథ రెండు పురాణాల్లో రెండు రకాలుగా ఉంటే వాళ్లు ఒకదాన్ని అబద్ధమనరు, కల్పభేదం అంటారు. ఒక కల్పంలో అలా జరిగింది, మరో కల్పంలో ఇలా జరిగింది. రెడ్ అలర్ట్ అభిమానులు సమాంతర కాలరేఖలు అనేది సరిగ్గా దాన్నే. కాలయంత్రం నడిచిన ప్రతిసారీ ఒక కొమ్మ చీలుతుంది. కేన్ ఉన్న కొమ్మ ఒకటి, యూరీ ఉన్న కొమ్మ వేరొకటి.

2008 నాటి రెడ్ అలర్ట్ 3 ఈ కొమ్మల లెక్కను పరీక్షకు పెట్టింది. ఓడిపోతున్న సోవియట్ నాయకులు క్రెమ్లిన్‌లోని కాలయంత్రంలో 1927 నాటి బ్రస్సెల్స్‌కు, శాస్త్రవేత్తల సోల్వే సదస్సుకు వెళ్లి ఐన్‌స్టీన్‌నే మాయం చేస్తారు. తిరిగొచ్చేసరికి అణ్వాయుధాలు లేవు, కానీ ఊహించని జపాను సామ్రాజ్యం ఒకటి మీద పడుతుంది. ఐన్‌స్టీన్ 1927లోనే పోతే 1946లో కాలయంత్రం నడిపిందెవరు? హిట్లర్‌ను తొలగించిందెవరు? మరి హిట్లర్ తిరిగి రావాలిగా? 1924లో పడిన కరచాలనం 1927కు ముందే జరిగిపోయింది కనుక అది చెరగదని ఒక పక్షం. కారణం పోయాక కార్యం ఎలా నిలుస్తుందని రెండో పక్షం. ఈ ఆట తనను తాను పెద్దగా పట్టించుకోలేదు. సోవియట్ ప్రధానిగా టిమ్ కర్రీ పెట్టే ముఖాలు చూస్తే తయారీదారులు తర్కం కోసం రాత్రులు మేల్కొనలేదని తెలిసిపోతుంది. అభిమానులు మాత్రం మేల్కొన్నారు.

టైబీరియం: మొక్కా, రాయా?

కథ ప్రకారం 1995లో ఇటలీలోని టైబర్ నది ఒడ్డున పడిన ఉల్క వెంట వచ్చింది కనుక అది టైబీరియం. టైబీరియస్ సీజర్ పేరు మీద పెట్టారని నాడ్ అంటుంది, వాళ్లకు రోమా చక్రవర్తి కావాలి కదా. నేలలోని లోహాలను పీల్చి పైకి స్ఫటికాలుగా పోస్తుంది, కోస్తే మళ్లీ పెరుగుతుంది, దగ్గరికెళ్లిన మనిషిని చంపుతుంది. దీని వెనుక ఒక పాత సినిమా ప్రేరణ ఉంది: 1957 నాటి ది మోనోలిత్ మాన్‌స్టర్స్, నీళ్లు తగిలితే పెరిగే ఉల్కారాళ్ల కథ.

మొదటి ఆటలో దాని రసాయన కూర్పు ఇచ్చారు. భాస్వరం 42.5 శాతం, ఇనుము 32.5, కాల్షియం 15.25, రాగి 5.75, సిలికా 2.5, మిగిలిన 1.5 శాతం తెలియని పదార్థం. ఆ ఒకటిన్నర శాతం మీద నడిచిన చర్చ మిగతా తొంభై ఎనిమిదిన్నర మీద నడవలేదు. అందులో జీవం ఉందని, సూక్ష్మయంత్రాలున్నాయని, అది ఒక గ్రహాంతర విత్తనమని రకరకాలుగా అన్నారు. తొలి రెండు ఆటల్లో విత్తనాలు వెదజల్లే చెట్లు, మనుషులు కరిగి ఏర్పడే విసరాయిడ్ ముద్దలు ఉన్నాయి కనుక జీవవాదమే ముందుండేది.

మూడో ఆట వచ్చేసరికి తయారీ చేతులు మారాయి. 1998లో వెస్ట్‌వుడ్‌ను కొన్న ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ 2003లో దాన్ని మూసేసింది. లాస్ ఏంజెలెస్ బృందం తీసిన టైబీరియం వార్స్‌లో చెట్లు పోయాయి, టైబీరియం పదార్థాన్ని తన రూపంలోకి మార్చుకునే అచ్చమైన స్ఫటికమైంది. టైబీరియం వ్యాప్తిని బట్టి భూమిలో 20 శాతం నీలి మండలం, 50 శాతం పసుపు, 30 శాతం మనిషి అడుగు పెట్టలేని ఎర్ర మండలం. పాత అభిమానులకు ఇది అపచారంలా తోచింది. రాజీ చేసినవాళ్లు పరిణామ వాదం తెచ్చారు: ఖనిజం యాభై ఏళ్లలో దశలు మారింది, చెట్లు దాని బాల్యం, స్ఫటికం దాని యౌవనం. స్క్రిన్ కథ ఈ వాదానికి అనుకోని బలమిచ్చింది. ఎందుకంటే వాళ్లు పంట కోతకొచ్చిన కాపులు. భూమ్మీద టైబీరియం చల్లి, పండాక కోసుకోవాలనుకున్నారు. సరయేవోలో ద్రవ టైబీరియం బాంబు పేలడం చూసి పంట పండిందనుకుని ముందే వచ్చేశారు.

ఆ విస్ఫోటం కోసం కేన్ కావాలనే జీడీఐని రెచ్చగొట్టి, అయాన్ కానన్‌ను తన దేవాలయం మీదికి పిలుచుకున్నాడన్నది ఆటలోనే తేలే విషయం. దాన్ని వెనక్కి తిప్పి, మొదటి ఆటలోని సరయేవో దెబ్బ కూడా అతని పథకమేనన్నది అభిమానుల ఊహ. నాకు అన్నిటికంటే నచ్చిన సిద్ధాంతం ఇదే. దానికి ఆధారం శూన్యం. కానీ కేన్ స్వభావానికి ఇంతకన్నా సరిపోయేది లేదు.

ఒప్పుకోని ముగింపు

బాహుబలిని కట్టప్ప ఎందుకు చంపాడని 2015లో మొదలైన ఊహాగానాలకు 2017లో రెండో సినిమా తెర దించింది. చూసినవాళ్లు ఆ జవాబు ఒప్పుకున్నారు. టైబీరియన్ ట్విలైట్‌కు ఆ అదృష్టం లేదు. స్థావరం కట్టుకోవడమే ఊపిరైన శ్రేణిలో స్థావరాలు తీసేసి, నడిచే యంత్రాలు పెట్టింది. ఆట నచ్చలేదు కనుక కథ కూడా చెల్లదని చాలామంది తీర్మానించారు. ప్రక్షిప్తం అని పక్కన పెట్టినట్టే. దానితో పాటు కేన్ రహస్యానికి దొరికిన ఒకే ఒక అధికారిక జవాబు కూడా పక్కకు పోయింది. ఆ శాఖలో తర్వాతి కథ రాలేదు కనుక వాదన ఎప్పటికీ తెగదు.

పాత ఆటలను తవ్వడం ఆ తర్వాత ఎక్కువైంది. వెస్ట్‌వుడ్ మాజీల సంస్థ పెట్రోగ్లిఫ్ 2020లో మొదటి ఆటనూ రెడ్ అలర్ట్‌నూ మెరుగుపరిచి మళ్లీ తెచ్చినప్పుడు, చిత్రీకరణ నాటి విడి ఫుటేజీని గంటల కొద్దీ అందులో పెట్టారు. నటులు మాటలు మరిచిపోవడం, నీలితెర ముందు నవ్వడం అందులో ఉన్నాయి. అభిమానులు వాటిలోనూ ఆధారాలు వెతికారు. అదే ఏడు వాటి కోడ్‌లో కొంత భాగం, 2025లో మరికొన్ని ఆటల కోడ్ స్వేచ్ఛగా విడుదలయ్యాయి.

చివరికి వాదించడం మాని ఆటలే కట్టినవాళ్లున్నారు. యూరీస్ రివెంజ్ మీద కట్టిన మెంటల్ ఒమెగా ఆ కథను కొత్తగా, ఇంకా చీకటిగా చెబుతుంది. టైబీరియన్ సన్ మీద కట్టిన ట్విస్టెడ్ ఇన్‌సరెక్షన్ మరీ ఆసక్తికరం. అందులో మొదటి యుద్ధంలో జీడీఐ ఓడిపోయింది, చెల్లాచెదురైన దాని సేనలు నాడ్ ఏలుతున్న భూమ్మీద పోరాడుతుంటాయి. 1999లో చెల్లకుండా పోయిన రెండో సీడీ ముగింపు నుంచి మొదలయ్యే కథ అది.